సిగ్నల్ దగ్గర వేడిగాలి, కదిలితే చల్లగాలి: గ్యాస్ కొట్టించే ముందు ఇంటి దగ్గర ఏమేం చూడాలి?

కొత్తపేట_కారు
2014 మోడల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 పెట్రోల్, నాబ్ తిప్పే మామూలు ఏసీ. రోడ్డు మీద పోతున్నంతసేపు చల్లగానే వస్తోంది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే గాలి వేడెక్కుతుంది, కదిలాక కాసేపటికి మళ్ళీ చల్లబడుతుంది. గాలి వేగం మాత్రం తగ్గడం లేదు. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటోంది. షెడ్డులో బానెట్ కూడా ఎత్తకుండా "గ్యాస్ తగ్గింది, కొట్టించేయండి" అన్నారు. నా దగ్గర మల్టీమీటర్, టెస్టర్ లైటు, స్పానర్లు ఉన్నాయి, ఏసీ ప్రెషర్ చూసే గేజులు లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మైనస్26
గ్యాస్ జోలికి ఇప్పుడే పోకండి. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. మీరు చెప్పిన లక్షణం చూస్తే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌కి (గ్రిల్లు వెనక, రేడియేటర్ ముందు ఉండి గ్యాస్ వేడిని బయటికి వదిలేది) గాలి అందకపోవడాన్ని. బండి కదులుతుంటే గ్రిల్లులోంచి గాలి దానంతటదే తగులుతుంది. ఆగితే ఫ్యానే దిక్కు. అది తిరగకపోతే కండెన్సర్‌లో గ్యాస్ సరిగ్గా ద్రవంగా మారదు, హై సైడ్ (గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్ళే వైపు) ప్రెషర్ పైకి పోతుంది, డాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌కి అందాల్సిన ద్రవం తగ్గిపోతుంది. ప్రెషర్ మరీ ఎక్కితే (చాలా బండ్లలో సుమారు 450 పీఎస్‌ఐ) ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. అలాంటి బండిలో మరో వంద గ్రాములు గ్యాస్ ఎక్కించడమంటే కంప్రెసర్ నెత్తిన ఇంకో బరువు పెట్టడమే.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బండి నీడలో పెట్టి, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి, ఏసీ ఫుల్ కూల్, రీసర్క్యులేషన్ (లోపలి గాలే తిరిగే మోడ్), బ్లోయర్ రెండో నంబర్ మీద ఉంచండి. మధ్య వెంట్‌లో వంటింట్లో వాడే ప్రోబ్ థర్మామీటర్ గుచ్చండి. ఐడిల్‌లో గాలి వేడెక్కేదాకా ఆగి, గ్రిల్లు ముందు నుంచి కండెన్సర్ మీద మగ్గుతో నీళ్ళు మెల్లగా పోయండి. నిమిషంలోపు వెంట్‌లో నాలుగైదు డిగ్రీలు పడిపోయిందా, సమస్య కండెన్సర్ గాలి దగ్గరే. పడలేదా, అప్పుడు వేరే దారి పట్టాలి.

రిలే_లో_రామాయణం
నీళ్ళ పరీక్ష అయ్యాక ఫ్యాను సంగతి చూడండి. మీ బండిలో రేడియేటర్ వెనక ఒకే ఫ్యాను ఉందా, రెండా? రెండుంటే ఏసీకి ఒకటి విడిగా ఉండి ఉంటుంది. ఇంజిన్ ముల్లు మామూలుగానే ఉందన్నారు కాబట్టి రేడియేటర్ ఫ్యాను బతికుంది, రెండోది పోయిందని నా లెక్క.

ఏసీ వేయగానే కంప్రెసర్‌ని పుల్లీకి కలిపే అయస్కాంత క్లచ్ "టక్" మంటుంది. చాలా పాత బండ్లలో ఆ వెంటనే ఫ్యాను కూడా మొదలవుతుంది. ప్రెషర్ సెన్సర్ ఉన్న బండ్లలో మాత్రం హై సైడ్ ప్రెషర్ ఎక్కాకే వస్తుంది, అందుకని ఒకట్రెండు నిమిషాలు ఆగి చూడాలి. రాకపోతే ఈ వరసలో వెళ్ళండి:

1. బానెట్ కింది ఫ్యూజ్ బాక్సులో ఏసీ ఫ్యాను ఫ్యూజు. కంటితో చూసి వదిలేయొద్దు, టెస్టర్ లైటు రెండు చివర్లా పెట్టి చూడాలి.
2. ఫ్యాను రిలే (ఫ్యానుకి కరెంటు కలిపే స్విచ్ డబ్బీ). పక్కనే అదే నంబరున్న హారన్ రిలేనో ఇంకోటో ఉంటుంది. రెండూ అటూ ఇటూ మార్చండి.
3. ఫ్యాను కనెక్టర్ ఊడదీసి, ఏసీ ఆన్‌లో ఉంచి, హార్నెస్ (బండి వైరింగ్) వైపు వోల్టేజీ చూడండి. 12 వోల్టులు వస్తుంటే ఫ్యూజు, రిలే, స్విచ్ కరెంటు పంపుతున్నట్టే, కానీ లోడు లేకుండా చూసిన అంకె కాబట్టి వైరింగ్ పూర్తిగా బాగున్నట్టు ఖాయం కాదు. అనుమానం ముందు మోటారు మీద.

ఆ ఫ్యాను ఇంజిన్ ఆపినా ఉన్నట్టుండి తిరగొచ్చు. వేళ్ళు దూరం, చున్నీ, టవల్ లాంటివి అసలే వద్దు.

కొత్తపేట_కారు
చేశాను. ఐడిల్‌లో వెంట్ 21 డిగ్రీలు, నీళ్ళు పోశాక 14కి పడింది. ఫ్యాన్లు రెండున్నాయి, ఎడమది తిరగడం లేదు. ఫ్యూజు బాగుంది, రిలే మార్చినా అంతే. కనెక్టర్‌లో 12.1 వోల్టులు ఉంది. తిరిగి పెట్టి చెక్క పుల్లతో రెక్కను కొంచెం నెడితే బద్ధకంగా తిరుగుతోంది.

రిలే_లో_రామాయణం
అయితే మోటారు లోపల కరెంటు అందించే బ్రష్‌లు (కార్బన్ ముక్కలు) అరిగిపోయినట్టుంది. నెడితే తిరిగే మోటారు దాదాపు ఎప్పుడూ అదే. ఖాయం చేసుకోవాలంటే బ్యాటరీ నుంచి 30 ఆంప్స్ ఫ్యూజు పెట్టిన రెండు వైర్లతో నేరుగా ఇచ్చి చూడండి. కనెక్టర్‌లో రెండే వైర్లుంటేనే ఇలా చేయాలి. మూడు నాలుగు వైర్లుంటే లోపల కంట్రోలర్ ఉంటుంది, నేరుగా ఇస్తే కాలిపోతుంది.

మోటారు ఒక్కటే దొరికితే చాలు, ష్రౌడ్ (ఫ్యాను చుట్టూ ఉండే చట్రం), రెక్కలు పాతవే వాడొచ్చు. కొత్తది బిగించాక రెండు చూడాలి. ఒకటి, తిరిగే దిశ. బయటి మార్కెట్ మోటారుకి ప్లస్ మైనస్ తారుమారైతే ఫ్యాను గాలిని లోపలికి లాగకుండా ముందుకు నెడుతుంది. చూడ్డానికి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. గ్రిల్లు ముందు పలచటి కాగితం పెట్టండి: కండెన్సర్‌కి అతుక్కుంటే సరైన దిశ, ఎగిరి బయటికొస్తే తప్పు దిశ. రెండు, వోల్టేజీ డ్రాప్. ఫ్యాను తిరుగుతుండగా బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు ప్లస్‌కి మీటరు పెడితే అర వోల్టు లోపే చూపాలి. అంతకు మించితే రిలే కాళ్ళో, కనెక్టరో కాలి ఉంటుంది. బాడీ ఎర్తింగ్ వైపూ అంతే చూడండి.

వరంగల్_వీల్స్
అన్నా, ఫ్యాను తీసినప్పుడే ఇంకో పని చేస్కో. కండెన్సర్‌కు రేడియేటర్‌కు నడుమ సందు ఉంటది గదా, అండ్ల టార్చి కొట్టి చూడు. దుమ్ము, దూది, పురుగులు దుప్పటి లెక్క పేరుకుంటయ్. ముందల్నుంచి చూస్తే కండెన్సర్ మెరుస్తది, అసలు మురికంతా ఎన్క ఉంటది. గార్డెన్ పైపుతోటి ఇంజిన్ దిక్కు నుంచి బయటికి నీళ్ళు కొట్టాలె. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే సన్నటి రేకులు ఒంగిపోతయ్, ఇగ గాలి పోయే తొవ్వనే ఉండది. ఒంగినవుంటే పాత టూత్‌బ్రష్‌తోటి మెల్లగ నిలబెట్టు.

కోస్తా_గాలి
ఇదే దారంలో నా ప్రశ్న కూడా అడగొచ్చా? కాకినాడ, డీజిల్ సెడాన్. నా దగ్గర సమస్య తిరగబడి ఉంది. హైవే మీద అరగంట బాగా చల్లగా వస్తుంది, తర్వాత వెంట్లలో గాలి సన్నబడిపోతుంది. బ్లోయర్ మోత మాత్రం అలాగే ఉంటుంది. ఆపేసి పది నిమిషాలాగి వేస్తే మళ్ళీ మామూలే. కింద నీళ్ళు గుంట కడతాయి.

నిర్వాహకుడు
విషయం ఒకటే కాబట్టి ఇక్కడే కొనసాగించండి.

మైనస్26
కోస్తా_గాలి గారూ, మీ కూలింగ్ కాయిల్ మీద ఐసు కడుతోంది. గాలి వేగం తగ్గడం, ఆపితే బాగవడం, తర్వాత ఐసు కరిగి నీళ్ళు బాగా కారడం, మూడూ దానికే సరిపోతాయి. తీరప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ, అందుకే ఈ జబ్బు మీ వైపు త్వరగా బయటపడుతుంది. ఇదే బండి తెలంగాణ ఎండల్లో గంట సేపు నడిచినా తెలియకపోవచ్చు.

లెక్క ఇదీ. లో సైడ్ (కాయిల్ నుంచి గ్యాస్ కంప్రెసర్‌కి వెనక్కొచ్చే వైపు) 30 పీఎస్‌ఐ దగ్గర ఆర్134ఎ అనే ఏసీ గ్యాస్ సుమారు 1-2 డిగ్రీల్లో మరుగుతుంది. అంతకంటే దిగితే కాయిల్ రేకుల మీద తేమ గడ్డకట్టడం మొదలవుతుంది. దాన్ని ఆపడానికే కాయిల్‌కి థర్మిస్టర్ (వేడి, చలి పసిగట్టే సెన్సర్) గుచ్చి ఉంటుంది. కాయిల్ సున్నా దరిదాపుల్లోకి రాగానే అది కంప్రెసర్‌ని ఆపించాలి.

ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, చాలా బండ్లలో గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది. అది మూసుకుపోయి గాలి తక్కువగా వెళ్ళినా కాయిల్ గడ్డకడుతుంది. ఫిల్టర్ తీసేసి ఒకసారి అదే దూరం నడపండి. అయినా అంతే అయితే థర్మిస్టర్‌ని అనుమానించాలి. దాన్ని బయటికి తీసి మీటరు ఓమ్స్‌లో పెట్టి, ఐసు ముక్కలు వేసిన నీళ్ళలో ముంచండి. చల్లబడేకొద్దీ ఓమ్స్ నిలకడగా పెరగాలి. కదలకుండా ఉన్నా, మధ్యలో ఎగిరిపడుతున్నా మార్చేయాల్సిందే. కాయిల్‌లో సరైన చోట గుచ్చకపోయినా ఇదే జరుగుతుంది. డాష్‌బోర్డు ఎప్పుడైనా విప్పి బిగించిన బండి అయితే అది తప్పకుండా చూడాలి.

ఇంకో తేడా గుర్తుపెట్టుకోండి. గాలి వేగం తగ్గకుండా చల్లదనం మాత్రమే పోతే అది ఐసు కాదు. ఇంజిన్ వేడెక్కాక క్లచ్ జారుకుంటుండొచ్చు.

స్పానర్_శాస్త్రి
క్లచ్ మాట వచ్చింది కాబట్టి దాని సంగతి. క్లచ్ ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) చూస్తే మామూలుగా 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి, సరైన అంకె మీ సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. అరిగి ముప్పాతిక మిల్లీమీటరు దాటితే చల్లగా ఉన్నప్పుడు పట్టుకుంటుంది, క్లచ్ కాయిల్ వేడెక్కి అయస్కాంత బలం తగ్గాక లాగలేదు. పొద్దున బాగుండి మధ్యాహ్నం పనిచేయని ఏసీల్లో కొన్ని ఇవే. మధ్య బోల్టు తీసి ప్లేటు వెనక సన్న షిమ్ (రేకు వాషర్) ఒకటి తగ్గిస్తే సందు దగ్గరవుతుంది. దీనికోసం కంప్రెసర్ మార్చమని చెప్పేవాళ్ళున్నారు, జాగ్రత్త.

క్లచ్ కాయిల్ ఓమ్స్ 3-4 మధ్య ఉంటుంది, అంటే కరెంటు మూడు నాలుగు ఆంప్స్. ఇంజిన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, బ్యాటరీ నుంచి ఫ్యూజు వైరుతో నేరుగా ఇవ్వండి. "టక్" అని గట్టిగా వినపడితే కాయిల్, సందు బాగున్నట్టే. అప్పుడు కరెంటు ఎందుకు రావడం లేదో వెతకాలి: ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్, థర్మిస్టర్. గ్యాస్ బాగా తగ్గినా ప్రెషర్ స్విచ్ క్లచ్‌కి కరెంటు రానివ్వదు. ఆ స్విచ్‌ని వైరుతో కలిపేసి బండి నడిపే అలవాటు కొందరికి ఉంది. గ్యాస్‌తో పాటే నూనె తిరుగుతుంది, గ్యాస్ లేకుండా కంప్రెసర్ తిరిగితే లోపల పొడి అరుగుదలే.

కొత్త బండ్లలో కొన్నిటికి క్లచ్చే ఉండదు. పుల్లీ ఎప్పుడూ తిరుగుతూ, లోపలి కంట్రోల్ వాల్వ్ పంపింగ్‌ని పెంచి తగ్గిస్తుంది. వాటిలో "టక్" కోసం చెవి ఒగ్గి కూర్చోకండి.

ఎండాకాలం
నా దగ్గర గేజులున్నాయి. ఇంజిన్ ఆపి పెడితే రెండు వైపులా 100 పీఎస్‌ఐ చూపిస్తోంది. గ్యాస్ నిండుగా ఉన్నట్టేనా?

మైనస్26
కాదు. ఆగి ఉన్న బండిలో గేజు చెప్పేది గ్యాస్ ఎంతుందని కాదు, లోపల ఎంతో కొంత ద్రవం మిగిలి ఉందని మాత్రమే. ద్రవం ఉన్నంతవరకూ ప్రెషర్ బయటి వేడిని బట్టే ఉంటుంది: 30 డిగ్రీలకు సుమారు 97, 40 డిగ్రీలకు 133. నూట యాభై గ్రాములున్నా, నాలుగొందలున్నా అంకె అదే. 35 డిగ్రీల్లో 114 రావాల్సిన చోట 60 వస్తే మాత్రం దాదాపు ఖాళీ అయినట్టు. వేడికి రావాల్సిన దానికంటే బాగా ఎక్కువ వస్తే లోపల గాలి కలిసింది.

నడుస్తున్నప్పుడు 1500 ఆర్‌పీఎం, 35 డిగ్రీల ఎండలో లో సైడ్ 25-45, హై సైడ్ 200-250 అయితే ఆరోగ్యంగా ఉన్నట్టు. 40 దాటిన ఎండల్లో హై సైడ్ 300 దాకా పోయినా కంగారు పడక్కర్లేదు. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ, లేదా గాలి కలిసింది, లేదా పైన చూసిన ఫ్యాను కథ. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ, ఇంజిన్ రేజ్ చేసినా కదలదు: కంప్రెసర్ లోపల అరిగింది. లో సైడ్ సున్నా కిందకు జారుతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి ద్రవాన్ని సన్నగా వదిలే ద్వారం) మూసుకుంది, లేదా తేమ అక్కడ ఐసై అడ్డుపడింది. తేమైతే కాసేపు ఆపాక బాగై మళ్ళీ మొదలవుతుంది.

ఎండాకాలం
రెండూ తక్కువే, 18, 130. ఆన్‌లైన్‌లో 450 గ్రాముల డబ్బా దొరుకుతోంది. ఇంట్లోనే పెట్టేయనా?

స్పానర్_శాస్త్రి
నన్నడిగితే వద్దంటాను. బానెట్ కింది స్టిక్కర్ చూడండి, చిన్న బండ్లలో మొత్తం గ్యాసే 350-500 గ్రాములుంటుంది. సగం ఉన్న బండిలో డబ్బా మొత్తం దించితే ఎక్కువైపోతుంది. పైగా లీకు పట్టుకోకుండా నింపినది మళ్ళీ గాలిలో కలుస్తుంది. ఈ గ్యాస్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 1430 రెట్లు.

రిలే_లో_రామాయణం
శాస్త్రి గారితో సగమే ఒప్పుకుంటాను. షెడ్డులో తూకం లేకుండా చెయ్యి అంచనాతో కొట్టేదానికంటే ఇంట్లో వంటింటి తూకం మీద డబ్బా పెట్టి చేసేది మెరుగే. కాకపోతే నియమాలు తప్పకూడదు. లో సైడ్ పోర్టులోనే పెట్టాలి. ఇంజిన్ నడుస్తుండగా హై సైడ్ వాల్వ్ తెరిస్తే కంప్రెసర్ ప్రెషర్ డబ్బాలోకి తిరగబడి అది పేలుతుంది. డబ్బా నిటారుగా ఉండాలి, తలకిందులు చేస్తే ద్రవం కంప్రెసర్‌లోకి పోయి దెబ్బతీస్తుంది. పోర్టుకి తగిలించే ముందు పైపులో గాలి బయటికి పంపాలి. 30-40 గ్రాములకోసారి ఆగి వెంట్ వేడి, గేజు చూడాలి. కళ్ళద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. బయటి గాలి ప్రెషర్‌లో ఈ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల్లో మరుగుతుంది, చర్మం మీద పడితే గడ్డకట్టించేస్తుంది. మన మిత్రుడి పేరు అక్కడి నుంచే వచ్చింది లెండి.

సిస్టమ్ విప్పారా, అప్పుడు మాత్రం ఇల్లు చాలదు. లోపలి గాలి, తేమ లాగేయడానికి వాక్యూమ్ పంపు కావాలి.

మైనస్26
లీకు ముందు, గ్యాస్ తర్వాత. గ్యాస్‌తో నూనె కూడా బయటికొస్తుంది కాబట్టి జాయింట్లు, కండెన్సర్ అంచులు, కంప్రెసర్ ముందు సీలు దగ్గర జిడ్డు మీద దుమ్ము అంటిన నల్లటి మరకలు వెతకండి. అక్కడ సబ్బు నీళ్ళు రాసి బుడగలు చూడండి. సర్వీస్ పోర్టుల మూతలు తీసి లోపలి పిన్ను చుట్టూ కూడా రాయండి. ఆ పిన్ను వాల్వు కారడం మామూలే. మూత దుమ్ము కోసం మాత్రమే కాదు, అదీ ఒక సీలే. మూత లేకుండా తిరిగే బండ్లు ఎన్నో. సముద్రం పక్క ఊళ్ళలో కండెన్సర్ ఉప్పుగాలికి తినేసి చిన్న చిల్లులు పడతాయి.

బయట ఎక్కడా లేకపోతే కూలింగ్ కాయిల్ మిగిలింది. యూవీ రంగు వేయించి కొన్ని వారాలు నడిపి, డ్రెయిన్ పైపు నుంచి కారే నీళ్ళ మీద యూవీ టార్చి వేస్తే పచ్చగా మెరుస్తుంది. లీకు మూసే ద్రవం అని అమ్మేవి మాత్రం పోయకండి. తేమ తగిలితే లోపల గట్టిపడి ఎక్స్‌పాన్షన్ వాల్వునే మూసేస్తాయి, షెడ్డు వాళ్ళు గ్యాస్ బయటికి లాగే రికవరీ మిషన్‌నీ పాడుచేస్తాయి.

డాలస్_డ్రైవరు
అమెరికా నుంచి చదివేవాళ్ళకి ఒక్క మాట. ఇక్కడి కొత్త కార్లు చాలావరకు ఆర్1234వైఎఫ్ అనే వేరే ఏసీ గ్యాస్‌కి మారిపోయాయి. బానెట్ కింద స్టిక్కర్ చదవకుండా దుకాణంలో కనిపించిన ఆర్134ఎ డబ్బా కొనకండి. పోర్టుల ఆకారం వేరు, అడాప్టర్లు దొరుకుతాయి గానీ అలా కలిపిన గ్యాస్‌ని ఏ షాపూ తన మిషన్‌లోకి తీసుకోదు. ఆర్1234వైఎఫ్‌కి కొంచెం మండే గుణం కూడా ఉంది.

వరంగల్_వీల్స్
మన దిక్కు దానికంటె డేంజర్ ఉంది. సస్తల వస్తదని వంట గ్యాస్ లాంటి హైడ్రోకార్బన్ కలిపి కొట్టేటోళ్ళున్నరు. చల్లగనే ఉంటది, కానీ కాయిల్ లీకైతే గ్యాస్ పోయేది కారు లోపల్కే. డబ్బా సీలు, పేరు చూడకుండ కొట్టనియ్యకు.

కొత్తపేట_కారు
మోటారు మార్చాను, కాగితం పరీక్షలో కండెన్సర్‌కి అతుక్కుంది. వెనక సందులో నిజంగానే పొర పేరుకుని ఉంది, కడిగాను. బయట 36 డిగ్రీలు, ఐడిల్‌లో ఐదు నిమిషాలాగాక వెంట్ 11. గ్యాస్ ముట్టుకోలేదు. ఒక్క సందేహం: వేడి ఇంజిన్‌తో స్టార్ట్ చేసినప్పటికంటే పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో రెండు డిగ్రీలు తక్కువ వస్తోంది. ఇది మామూలేనా?

స్పానర్_శాస్త్రి
బానెట్ కింద వేడికి రెండు డిగ్రీలు మామూలే. ఐదారు డిగ్రీలుంటే హీటర్ ఫ్లాప్ (హీటర్ వేడి గాలిని ఆపే తలుపు) పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం, కేబుల్ క్లిప్పు దగ్గర సర్దాలి. దాన్ని పట్టుకోవాలంటే నాబ్ ఫుల్ కూల్‌లో పెట్టి, ఏసీ ఆపి, బయటి గాలి మోడ్‌లో బ్లోయర్ మాత్రమే నడపండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక వెంట్ గాలి బయటి గాలి కంటే నాలుగైదు డిగ్రీలు మించి వేడిగా ఉంటే ఫ్లాప్ సంగతి చూడాలి. లేకపోతే వదిలేయండి.

కోస్తా_గాలి
ఫిల్టర్ తీసినా తేడా లేదు. థర్మిస్టర్ ఐసు నీళ్ళలో పెడితే ఓమ్స్ కాసేపు పెరిగి అక్కడే ఆగిపోతోంది, వైరు కదిపితే ఎగిరి పడుతోంది. కొత్తది ఆర్డర్ పెట్టాను.

మైనస్26
పాతది తీసే ముందు కాయిల్‌లో ఎన్నో వరసలో, ఎంత లోతుగా గుచ్చి ఉందో ఫోటో తీసుకోండి. కొత్తది అదే చోట పెట్టాలి. ఒక అంగుళం పక్కకు పెట్టినా అది చదివేది కాయిల్‌లో చల్లటి భాగాన్ని కాదు.